మెమరీ చిప్పుకు పురుగు తనిఖీ

2006 మిరప సీజను మొదలయ్యేనాటికి నేను సత్తెనపల్లి దగ్గర ఒక రైతు సహకార సంఘం వారి శీతల గిడ్డంగిలో స్టోర్స్ సూపరింటెండెంటుగా ఉన్నాను. సంఘం పేరు రాయను. అక్కడ పనిచేసినవాళ్లు చదివితే ఎలాగూ గుర్తుపడతారు, మిగతావాళ్లకు పేరుతో పని లేదు.

ఆ గిడ్డంగిలో నేను చేరింది హమాలీగా. అక్షరాలు నాకు ఇరవై దాటాక వచ్చాయి. పగలు కూలికెళ్లినవాళ్లకు మా పేట చర్చి వరండాలో పొద్దుగూకాక పలకలిచ్చి కూర్చోబెట్టేవారు. అక్కడ నేర్చుకున్న చదువుతోనే చాంబరు మేస్త్రీనయ్యాను, తర్వాత స్టోర్ కీపర్ని, ఆపైన సూపరింటెండెంట్ని. అదేదో పెద్ద హోదా అనుకోకండి. తాళంచెవుల గుత్తి పెద్దది, అంతే.

ఈ సంగతి అర్థం కావాలంటే ముందు మచ్చు అంటే ఏమిటో చెప్పాలి. మిరపకాయలు కొనేవాడు సరుకంతా విప్పి చూడడు. నాలుగు టిక్కీల్లోంచి, అంటే నాలుగు బస్తాల్లోంచి, గుప్పెడు గుప్పెడు లాగి ఒకచోట పోస్తాడు. అదే మచ్చు. రంగు, పొడవు, తేమ చూస్తాడు. తాలు ఎంతుందో, అంటే తెల్లబోయిన కాయలెన్నో చూస్తాడు. ధర కుదిరితే ఆ మచ్చును గుడ్డసంచిలో కట్టి లక్కసీలు వేస్తారు. సరుకు దించుకునేటప్పుడు పేచీ వస్తే ఆ మచ్చే సాక్ష్యం. మచ్చుకు విడిగా డబ్బివ్వరు, అది ఆనవాయితీ.

మిరపకాయలకు ఇది చక్కటి పద్ధతి. మా సంఘం స్థాపించిన పెద్దలు ఇంత చక్కటి పద్ధతిని మిరపకాయలకే పరిమితం చెయ్యడమెందుకని, సంఘం కొనే ప్రతి వస్తువుకూ నియమావళిలో పెట్టేశారు. అందువల్ల నా గదిలోని మచ్చుల అల్మరాలో మిరపకాయలతో పాటు టార్పాలిను ముక్క, గోనెసంచి, ట్యూబులైటు, ఒక చీపురు కూడా లక్కసీళ్లతో ఉండేవి. చీపురు కొన్న కమిటీలో ఇద్దరు అప్పటికే కాలం చేశారు. చీపురు మాత్రం కొత్తగానే ఉంది.

ఇక లాప్‌టాప్ సంగతి. ఏ రైతు టిక్కీలు ఏ చాంబర్లో, ఏ అంతస్తులో ఉన్నాయో చూపే ప్రోగ్రాం ఒకటి హైదరాబాదు కంపెనీ చేత రాయించి, దానికోసం సంఘం ఆ మిషను కొంది. దాని మీద పనిచేసేది విజయకుమారి. పొదిలి అమ్మాయి, తల్లిని వెంటబెట్టుకుని వచ్చి మా ఊళ్లో గది అద్దెకు తీసుకుంది. ఉద్యోగం కాంట్రాక్టుది, ఏటా సీజను చివర రెన్యువల్ చెయ్యాలి. ఆ ఏడాది కంపెనీవాళ్లు ప్రోగ్రాం మార్చారు. మార్చాక ఒక రైతు పేరు కొడితే అతని టిక్కీల లెక్క తెర మీదికి వచ్చేలోపు అతను బయటికెళ్లి టీ తాగి రావచ్చు. మెమరీ చాలట్లేదు, పెంచాలి అని కంపెనీవాళ్లు ఉత్తరం రాశారు.

మెమరీ అంటే ఏమిటని కొనుగోలు కమిటీ అడిగింది. విజయకుమారి మా భాషలోనే చెప్పింది: "హార్డ్ డిస్కు చాంబరు లాంటిదండీ. మెమరీ ప్లాట్‌ఫారం. చాంబరు ఎంత పెద్దదైనా సరుకు ముందు ప్లాట్‌ఫారం మీదకి దించుకోవాల కదా. మనది ఇరుగ్గా ఉంది." ఇది అందరికీ అర్థమైంది. ఆ మిషన్లో అంతకు ముందే ఒక మెమరీ ముక్క ఉంది. పక్కన రెండో ముక్కకు గాడి ఖాళీగా ఉంది. అందులో ఇంకొకటి పెడితే సరి. నేను ఇండెంటు రాశాను, మూడు కొటేషన్లు తెప్పించాను. గుంటూరులో ఒక షాపాయన తక్కువకు వచ్చాడు. మచ్చు తెమ్మన్నాం.

కొనుగోలు కమిటీలో ముగ్గురు. అధ్యక్షుడు కోటయ్య గారు, సొంతంగా మిరప పండించే రైతు. డైరెక్టరు సాంబశివరావు గారు, కమీషన్ వ్యాపారి. మూడో ఆయన మా కార్యదర్శి, జీతగాడు. ఆ ఇద్దరిలో ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల వైపు తలాడించడం ఆయన విధి.

షాపాయన వచ్చి లాప్‌టాప్ వెనక మూత విప్పి, ముక్కను గాడిలో ఏటవాలుగా దూర్చి వంచాడు. రెండు పక్కలా క్లిప్పులు టక్కున పట్టుకున్నాయి. మిషను ఆన్ చేస్తే రైతు పేరు కొట్టీకొట్టకముందే లెక్క వచ్చింది. విజయకుమారి నవ్వింది. పని అక్కడితో అయిపోవాల్సింది.

"బానే ఉంది. తీసి ఇటివ్వు, సీలెయ్యాల," అన్నారు సాంబశివరావు గారు.

షాపాయనకు అర్థం కాలేదు. "మీకు కావాల్సింది ఒకటే కదా సార్. పెట్టేశాను, పనిచేస్తంది కదా. ఇంకెందుకు తియ్యడం?"

"మచ్చు మచ్చే, సరుకు సరుకే," అన్నారు కోటయ్య గారు. "మచ్చు వండుకుని తింటామా ఏంది? నువ్వు సరుకు పంపు."

షాపాయన నా వంక చూశాడు. నేను లక్క వెలిగిస్తున్నాను.

సీలు వేసేముందు మచ్చు ఫారం నింపాలి. మా ఫారం మిరపకాయల కోసం అచ్చువేయించింది. కార్యదర్శి గారు ఏమాత్రం నవ్వకుండా ఇలా నింపారు. రంగు: ఆకుపచ్చ. పొడవు: రెండున్నర అంగుళాలు దాటి. తేమ: లేదు. తాలు: లేదు. తొడిమ: తీసివేయబడినది. ఆకుపచ్చ అన్న మాట దగ్గర సాంబశివరావు గారు ఆగి, పచ్చికాయకు ధర తగ్గించాలి కదా అన్నారు. ఆయన వేళాకోళానికి అన్నారో నిజంగానే అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. షాపాయన కొంత తగ్గించాడు. ముక్క మీద చిన్న కాగితం అంటించి ఉంది, దాని మీద ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ ఉన్నాయి. నేను కూడబలుక్కుని మొత్తం చదివాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఫారంలో ఆ అంకెలకు గడి లేదు కాబట్టి ఎవరూ రాయలేదు.

మచ్చు కవరులోకి, కవరు అల్మరాలోకి వెళ్లిపోయాయి.

వారం తిరక్కుండా సరుకు వచ్చింది. షాపాయన మచ్చును ఉచితంగా వదులుకున్నాడు, పైగా ధర తగ్గించాడు. అలాంటివాడు సరుకు కోసం దుకాణమంతా వెతుకుతాడా? పాత రకం ముక్కలు అప్పటికే అరుదైపోతున్నాయి. వాటి తర్వాతి తరం ముక్కలు చవగ్గా దొరుకుతున్నాయి. అదే పంపాడు. ఈ రెండు తరాలూ చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. పొడవు ఒకటే, రంగు ఒకటే, అంచున బంగారు పళ్లూ అన్నే. తేడా ఎక్కడంటే, పళ్ల మధ్య ఉండే ఒక గాటు రెండో దాంట్లో బియ్యపు గింజ మందమంత పక్కకు జరిగి ఉంటుంది. తయారుచేసినవాళ్లు కావాలనే అలా పెట్టారు. రెండిటికీ కావాల్సిన కరెంటు వేరు, కాబట్టి ఒకదాని గాడిలో ఇంకోటి కూర్చోకూడదు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

సరుకును మచ్చుతో పోల్చి తీసుకోవాలి. పోల్చాలంటే సీలు విప్పాలి. సీలు విప్పాలంటే ముగ్గురూ ఒకేచోట కూర్చుని సంతకాలు పెట్టాలి. ఆ వారమే కోటయ్య గారి సొంత కాయల్లో తాలు ఎక్కువుందని సాంబశివరావు గారు ధర కోసేశారు. ఇద్దరికీ మాటల్లేవు. అందుకని సాంబశివరావు గారొక్కరే వచ్చి, సీలు విప్పకుండానే కవరును పైనుంచి తడిమి, సరుకును ఇంకో చేత్తో తడిమి, రెండూ ఒకటేనని సంతకం పెట్టారు. కార్యదర్శి గారు తలాడించి పెట్టారు. సరుకు ముట్టినట్టు నేనూ పెట్టాను. కోటయ్య గారి సంతకం వాళ్ల ఇంటికి వెళ్లి తెచ్చుకున్నాం.

ముక్కను సాంబశివరావు గారి ఎదుటే విజయకుమారికి ఇచ్చాను. ఆమె గాడిలో పెట్టి చూసి, తీసి, మళ్లీ పెట్టి చూసింది.

"కూర్చోవట్లేదండీ."

"నొక్కాలమ్మా," అన్నారు సాంబశివరావు గారు.

"నొక్కితే పోద్దేమోనండీ. మొన్న షాపాయన నొక్కలేదు, దానంతటదే పోయింది."

"ఆడపిల్లవి, చేతిలో బలమేముంటది. ఇటు జరుగు."

టిక్కీ మూతి కుట్టేటప్పుడు కాయల్ని అదిమినట్టు బొటనవేళ్లు రెండూ పెట్టి అదిమారు. ఏదో చిటుక్కుమంది. "అదీ," అన్నారు. మిషను ఆన్ చేస్తే తెర నల్లగానే ఉంది, లోపల్నుంచి కీచుకీచుమని శబ్దం. విజయకుమారి గబుక్కున ప్లగ్గు పీకేసింది.

మర్నాడు ఆమెకు మెమో వచ్చింది. సంఘం ఆస్తిని అజాగ్రత్తగా వాడి పాడుచేసినందుకు ఎందుకు తొలగించకూడదో శనివారంలోగా జవాబు చెప్పాలని. మిషన్ని విచారణ అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదని తువాలులో చుట్టి నా గదిలో పెట్టించారు, ముక్క అందులో ఇరుక్కుని ఉండగానే. ఆ ముక్కను తీసి చూద్దామండీ అని ఆ అమ్మాయి అడిగితే, సాక్ష్యం చెడగొడతావా అన్నారు కార్యదర్శి గారు. సాంబశివరావు గారి బావమరిది కూతురు ఆ మధ్యే కంప్యూటర్ కోర్సు పూర్తిచేసిందన్న సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

విజయకుమారి నా గదికి వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఏడవలేదు. "మిషను పాడుచేసి పోయిందన్న పేరొస్తే ఇంకెవరు పెట్టుకుంటారు బాబాయ్ నన్ను? నేను నొక్కలేదు. నొక్కొద్దని కూడా అన్నాను. మీరక్కడే ఉన్నారు."

ఉన్నాను. అదే రాసి కార్యదర్శి గారికి ఇచ్చాను. డైరెక్టరు మీద ఉద్యోగి సాక్ష్యం చెల్లదని వెనక్కిచ్చారు. షాపాయనకు ఫోను చేశాను. ఆయన మాటలో తప్పు పట్టడానికి లేదు: "మీ మచ్చుతో పోల్చుకునే సంతకాలు పెట్టారు కదండీ. తేడా ఉంటే మచ్చు విప్పి చూపించండి, మారుస్తాను." మచ్చు విప్పాలంటే ముగ్గురూ కూర్చోవాలి. సాంబశివరావు గారు వచ్చే గదిలోకి తాను రానన్నారు కోటయ్య గారు. కోటయ్య గారు రాకుండా మచ్చు విప్పడం నియమానికి విరుద్ధం అన్నారు సాంబశివరావు గారు. ఆయన నియమం మాట ఎత్తడం అదే మొదలు.

ఈలోపు గేటు దగ్గర రైతులు. పాత పద్ధతిలో హమాలీలు చాంబర్లలోకి వెళ్లి టిక్కీల మీద గుర్తులు వెతుక్కుని వస్తున్నారు. "మా కాయలు ఏ గదిలో ఉండాయో చెప్పడానికి పెట్టెకి జబ్బు చెయ్యడమేందయ్యా," అని ఒక పెద్దాయన కార్యదర్శి గారి కిటికీలోంచి అరిచాడు. కార్యదర్శి గారు దానికీ తలాడించారు.

మిషను లేక ఖాళీగా ఉన్న విజయకుమారికి నేను నా పని కొంత అప్పజెప్పాను. మూడు నెలలకోసారి మచ్చుల అల్మరాకు పురుగు తనిఖీ ఉంటుంది. మిరప మచ్చుకు పురుగు పడితే అది సాక్ష్యానికి పనికిరాదు. అందుకని సూపరింటెండెంటు, కమిటీలో ఎవరో ఒక్కరి ఎదుట సీలు విప్పి, పురుగు చూసి, మళ్లీ సీలు వేయవచ్చు. పేచీకి విప్పాలంటే ముగ్గురు కావాలి గానీ పురుగుకు ఒక్కరు చాలు. ఆ తనిఖీ గురువారం పడింది. అల్మరాలో ఉన్నవాటికి చీటీలు రాయమన్నాను. ఆమె రాస్తూ రాస్తూ కలం ఆపింది.

"బాబాయ్, చిప్పుకి కూడా రాయాలా?"

నేను నియమావళి తీసి పురుగు తనిఖీ పేజీ తిరగేశాను.

"అల్మరాలో ఉన్నదేగా," అన్నాను. "దానికి పురుగు పట్టదని నియమావళిలో ఎక్కడన్నా ఉందా?"

"లేదండీ."

"రాయి మరి."

కమిటీలో ఎవరిని పిలవాలన్నది నా ఇష్టం. కోటయ్య గారికి కబురు పెట్టాను, సాంబశివరావు గారు రావట్లేదని కూడా చెప్పించాను. గురువారం పొద్దున్నే కోటయ్య గారు కండువా దులుపుకుంటూ వచ్చారు. మిరప మచ్చులు అయ్యాయి. గోనెసంచి అయింది. చీపురు అయింది. తర్వాత నేను చిన్న కవరు బయటికి తీశాను.

"ఇదేంది యాకోబూ, దీనికి పురుగేంది?" అని నన్ను అడిగారు.

"చూడాలి కదండీ. అల్మరాలో చీపురు పక్కన పెట్టాం."

ఆయన ఆలోచించి, చూడమన్నారు. సీలు విప్పాను. మచ్చులో పురుగు అనుమానం వస్తే దాన్ని సరుకు పక్కన పోసి చూడాలని ఇంకో నియమం. పురుగు సరుకులోంచి వచ్చిందా, అల్మరాలోనే పట్టిందా తేల్చడానికి. నాకు అనుమానం వచ్చిందన్నాను. అనుమానం రావడానికి కారణం రాయాల్సిన గడి ఫారంలో లేదు. సరుకు తువాలులో చుట్టిన మిషన్లో ఇరుక్కుని ఉంది కాబట్టి తువాలు విప్పాల్సి వచ్చింది. విజయకుమారి మూత తీసి ముక్కను బయటికి లాగింది. ఒక క్లిప్పు వంగిపోయి ఉంది. రెండు ముక్కలూ తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టాను.

కోటయ్య గారు కళ్లజోడు పెట్టుకుని వంగారు. పురుగు కోసమే చూశారు, నిజాయితీగా. కొంతసేపటికి వేలు పెట్టి ఆగారు.

"ఈ గాటు ఇక్కడుంది. దానిది అక్కడుంది."

"అవునండీ," అంది విజయకుమారి.

"అంటే ఇది ఆ సరుకు కాదా?"

"కాదండీ. అందుకే కూర్చోలేదు. నొక్కొద్దన్నాను."

"నొక్కిందెవరు?"

ఆమె చెప్పలేదు. నేను చెప్పాను. కోటయ్య గారి మొహంలో వెలుగు వచ్చింది. న్యాయం జరుగుతున్నప్పుడు మనిషి మొహంలో వచ్చే వెలుగు అలాగే ఉంటుందో లేదో నేను చెప్పలేను.

"మా కాయల్లో తాలు కనపడిద్ది ఆయన కళ్లకి. ఇంత గాటు కనపళ్లేదంట," అన్నారు. ఆ మాట సాయంత్రానికి మార్కెట్టంతా తిరిగింది.

మచ్చును గాడిలో పెట్టి చూడమన్నారు. వంగిన క్లిప్పును ఆమె మెల్లగా వెనక్కి వంచి, ముక్కను ఏటవాలుగా దూర్చింది. ఒత్తకుండానే పోయి కూర్చుంది. మిషను ఆన్ చేస్తే తెర వెలిగింది. తప్పుడు ముక్కతో ఎక్కువసేపు నడిస్తే బోర్డు కాలిపోయేదని షాపాయన తర్వాత చెప్పాడు. ఆ రోజు ప్లగ్గు పీకిన చెయ్యి విజయకుమారిదని మెమోలో రాయలేదు.

ఇక రికార్డు సరిచెయ్యాలి. ఈసారి కోటయ్య గారే పట్టుబట్టడంతో కమిటీ సమావేశమైంది. ఆ ఇద్దరూ వేరువేరు తలుపుల్లోంచి వచ్చి కూర్చున్నారు. డైరెక్టరు తప్పు చేసినట్టు తీర్మానం రాయడానికి కుదరదు. షాపాయన తప్పు చేశాడంటే, పోల్చి చూశామని కమిటీ పెట్టిన సంతకాలు అడ్డం. అందుకని కార్యదర్శి గారు తన సర్వీసులోకెల్లా గొప్ప వాక్యం రాశారు: "సదరు సరుకు స్వయముగా ఒత్తిడికి లోనైనందున మిషను తాత్కాలికముగా ఆగినది; పురుగు తనిఖీ ఫలితముగా బాగైనది." దాని కింద, ఆపరేటరుకిచ్చిన మెమో అవసరం లేనందున ఉపసంహరించడమైనది అని. తప్పు చేయనందున అని కాదు, అవసరం లేనందున. విజయకుమారి ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది. "పోనీలెండి, ఉద్యోగం ఉంది," అంది. సీజను చివర రెన్యువల్ అయింది. తర్వాత రెండేళ్లు పనిచేసి, ఒంగోలులో ఇంకా మంచి ఉద్యోగం వస్తే వెళ్లింది. వెళ్లేటప్పుడు అనుభవ పత్రం నేనే టైపు చేయించాను. అందులో మిషన్ను జాగ్రత్తగా వాడును అని ఒక వాక్యం ఎక్కువ వేయించాను.

అంతా అయిందనుకున్నాక నాకు ఒక చిక్కు మిగిలింది. మచ్చు మిషన్లోకి వెళ్లిపోయింది. అల్మరాలో మచ్చు లేదు. మచ్చు లేకుండా కొన్న వస్తువుకు ఆడిట్లో అభ్యంతరం రాస్తారు. షాపాయనను ఇంకో పాత రకం ముక్క అడిగితే, దొరకట్లేదు, పంపింది మీరే ఉంచుకోండి అన్నాడు. కార్యదర్శి గారిని అడిగితే, సరుకు ఉంది కదా అన్నారు. పనికిరాని ఆ సరుకునే కవరులో పెట్టి లక్కసీలు వేశాను. పాత ఫారమే సరిపోయింది. రంగు, పొడవు, తేమ, తాలు, తొడిమ, ఒక్క అక్షరం మార్చాల్సిన పని పడలేదు. ఆడిటర్లు ఏటా వచ్చేవారు. కవరు చూసి, సీలు చూసి, టిక్కు పెట్టుకుని వెళ్లేవారు.

నేను రిటైరయ్యేటప్పుడు చార్జి అప్పగించింది డిగ్రీ చదివిన ఒకాయనకు. లాప్‌టాప్ అప్పటికి తుక్కు కింద వేలంలో పోయింది, మంచి ముక్క దాంతోపాటే పోయింది. అల్మరాలో కవరు ఉంది. ఆయన దాన్ని దీపం కింద తిప్పి చూసి, "మెమరీ మచ్చు ఒకటి, సీలు చెక్కుచెదరలేదు, పురుగు లేదు" అని రాసుకుని సంతకం పెట్టారు. నేను తాళంచెవులు ఇచ్చేశాను.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే. ఒక వస్తువు సరైనదో కాదో దాన్ని పోలిన రెండో వస్తువు చెప్పలేదు, అది వెళ్లి కూర్చోవాల్సిన గాడి చెబుతుంది. దూరనిదాన్ని అదిమినవాడికి మెమో రాదు, దూరట్లేదని ముందు చెప్పినవాళ్లకు వస్తుంది. అలా చెప్పినవాళ్లను కాపాడటానికి న్యాయం కోసం ఫారం వెతికితే మా ఆఫీసులో దొరకలేదు. పురుగుకు మాత్రం ఉంది.